పాముకాటుకు పీఠిక

పుస్తకం మొదట్లో ఉండే నాలుగు మాటల్ని ఏమనాలన్న విషయం మీద మా మండలి పదకొండు నెలలు చర్చించింది. ముందుమాట అనేవాళ్ళున్నారు, తొలిపలుకు అనేవాళ్ళున్నారు, మున్నుడి, ప్రస్తావన, ఉపోద్ఘాతం, అవతారిక, పీఠిక అనేవాళ్ళూ ఉన్నారు. ఇన్ని పేర్లున్న వస్తువు మీద ఒక్క నిబంధన కూడా లేదని తెలిసి మా అధ్యక్షులవారికి చాలా బాధ కలిగింది. పైవాళ్ళకు బాధ కలిగినప్పుడు ఫైలు తెరవడం నా ఉద్యోగం. నా పేరు ఉమామహేశం, సీనియర్ అసిస్టెంటుని.

మండలి అంటే గ్రంథ ప్రవేశ మండలి. పల్లెలో గ్రంథాలయం గానీ, పంచాయతీ ఆఫీసు గానీ, ఆరోగ్య ఉపకేంద్రం గానీ ఒక పుస్తకాన్ని బల్ల మీద పెట్టుకోవాలంటే దాని మీద మా గుండ్రటి ముద్ర పడాలి. ముద్ర లేని కాగితం గోడకు అంటించినా సంజాయిషీ అడుగుతాం. ఇదంతా ప్రజల మేలు కోసమేనని మా ఆఫీసు గేటు పక్కన బోర్డు మీద రాసి ఉంటుంది.

అధ్యక్షులు డాక్టర్ గంధం పరాంకుశరావుగారికి సభలంటే ప్రాణం. ఇరవై ఏళ్ళలో ఆరు వందల పుస్తకాలు ఆవిష్కరించారు. ఆవిష్కరణ సభలో పెద్దలు పుస్తకం గురించి ఎలా మాట్లాడతారో సభలకు వెళ్ళేవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. పక్కాయన మైకు దగ్గరుండగా ఒళ్ళో పుస్తకం తెరుస్తారు. ముందుమాట మీద చూపు పరుగెత్తిస్తారు. తన వంతు రాగానే, "ఈ గ్రంథాన్ని ఆమూలాగ్రం చదివాను" అంటూ లేస్తారు. ఈ పద్ధతిలో ఆరు వందల సభలు ఏ ఇబ్బందీ లేకుండా జరిగిపోయాయి. ఆరు వందల ఒకటో సభలో ఒక కుర్ర కవి ఆయన చేతిలో పెట్టిన పుస్తకానికి ముందుమాట లేదు. పేజీ తిప్పితే పద్యం, ఇంకో పేజీ తిప్పితే ఇంకో పద్యం. పరాంకుశరావుగారు మైకు ముందు నిలబడి అట్ట మీది బొమ్మ గురించి ఇరవై ఐదు నిమిషాలు మాట్లాడారు. బొమ్మలో ఉన్నది ఒక కుర్చీ మాత్రమే. ఆ మర్నాడే నన్ను పిలిచి, ఈ రాష్ట్రంలో ఇంకెవరికీ ఇలాంటి పరిస్థితి రాకూడదన్నారు.

అలా పుట్టాయి పీఠికల నిబంధనలు. ముసాయిదా రాసింది మా కార్యదర్శి చామర్తి వసుంధరగారు. ఆవిడ కాఫీ కావాలన్నా "కాఫీ సమర్పించవలసినదిగా కోరడమైనది" అంటారు. నిర్వచనం దగ్గర మాత్రం ఆవిడ కూడా రెండు వారాలు తంటాలు పడ్డారు. చివరికి ఇలా తేల్చారు: "పీఠిక అనగా గ్రంథమునకు ముందు వచ్చునది. గ్రంథము అనగా పీఠిక తరువాత వచ్చునది." ఇంత పొందికైన నిర్వచనం నా సర్వీసులో చూడలేదు. ఎటునుంచి వెళ్ళినా తిరిగి బయల్దేరిన చోటికే చేరుస్తుంది.

అక్కణ్ణుంచి మిగతావి వాటంతటవే వచ్చాయి. పీఠిక లేనిది గ్రంథమే కాదు కనుక దానికి ముద్ర లేదు. పీఠికను రచయితకన్నా పెద్ద హోదాలో ఉన్నవారే రాయాలి. ఐదు పుటలు దాటిన రచన ఏదైనా గ్రంథంగానే లెక్క. ఏడో నిబంధన ప్రకారం, పీఠిక పూర్తిగా చదవకుండా గ్రంథంలోకి దిగడం నిషేధం. పేర్ల తగాదా కూడా తీరిపోయింది. రాష్ట్రస్థాయి పెద్దలు రాస్తే పీఠిక, జిల్లాస్థాయి అయితే ముందుమాట, మండలస్థాయి అయితే తొలిపలుకు. పదవీ విరమణ చేసిన వైస్ ఛాన్సలర్లకు ఉపోద్ఘాతం కేటాయించారు. పోస్టింగు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు మున్నుడి రాసుకోవచ్చు.

మార్చి నెలలో, ఎండలు ముదురుతుండగా, ముద్దాడ గౌరమ్మగారు మా ఆఫీసుకు వచ్చారు. ముప్పై నాలుగేళ్ళు ఏఎన్ఎంగా కాలినడకన ఊళ్ళు తిరిగి రిటైరైన మనిషి. చేతిసంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా బల్ల మీద పెట్టారు. ముప్పై రెండు పేజీలు, గుండ్రటి అక్షరాలు. పైన "పాము కరిస్తే" అని ఉంది.

"బాబూ, వర్సాలు పడ్డాయంటే పాములు బయటికొస్తాయి. ఈలోగా ఇది ఊరూరా అందాల," అన్నారు.

"తప్పకుండా. పీఠిక ఎవరు రాశారు?"

"అదేటి?"

నేను నిర్వచనం చదివి వినిపించాను. ఆవిడ ఓపిగ్గా విన్నారు.

"మందు చీటీకి ముందు ఇంకో చీటీ ఎందుకు బాబూ? పోయినేడు పెసరపాడులో ఒకడికి నాగు కరిసింది. కాలికి తాడు బిగించి కట్టీసినారు, నాటుమందు పోసినారు, మంత్రం ఏయించినారు. నా దగ్గరికి తెచ్చేసరికి కాలు బొగ్గులాగైపోనాది. మనిసి బతికినాడు గానీ కాలు పోనాది. నాలుగు మాటలు ముందు తెలిసుంటే కాలుండేది. అవే రాసినాను."

"మీ ఆవేదన ఫైలులో నమోదు చేస్తాను," అన్నాను. నిజంగానే నమోదు చేశాను.

ఆవిడ లేచి వెళ్తూ వరండాలో ఆగారు. మాకు పీఠికలు అప్పటికే చాలా వచ్చి పడుతున్నాయి. పుస్తకాలు ఇంకా రాయనివాళ్ళు కూడా ముందుజాగ్రత్తగా పీఠికలు రాయించి పంపుతున్నారు. వాటిని మైదా జిగురుతో అంటించి, కట్టలు కట్టి, వరండా పొడవునా నిట్టనిలువుగా పేర్చాం. ఎలుకలు ఆ జిగురు రుచి మరిగాయి.

"ఎలకలున్న కాడికి పాము వస్తాది బాబూ. ఈ కట్టలు తీయించీయండి," అన్నారు గౌరమ్మగారు.

నేను వసుంధరగారికి విన్నవించాను. "కట్టల తరలింపునకు ప్రత్యేక ఉత్తర్వులు అవసరము. సర్పము రానున్నదనుటకు ఆధారము ఏమి?" అని ఆవిడ మార్జిన్‌లో రాశారు. సర్పం నుంచి రాతపూర్వకంగా ఏమీ రాలేదు కనుక ఆ విషయం అక్కడితో ఆగింది.

పీఠిక రాయడానికి పరాంకుశరావుగారే ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం ఆయన పని, రాయడం నా పని. ఈ ఆఫీసుకు వచ్చినప్పటి నుంచీ ఆయన పీఠికలన్నీ నేనే రాస్తున్నాను. అందుకు నా దగ్గర ఒక నమూనా ఉంది. అందులో గ్రంథం పేరు, రచయిత పేరు మార్చుకుంటే చాలు, మిగతాదంతా ఆయన జీవితం. పోయినసారి ఒక పశువైద్య గ్రంథానికి రాసినప్పుడు పదకొండు పుటలు వచ్చింది. దీనికీ పదకొండే వచ్చింది. అధ్యక్షులవారు చదవకుండా సంతకం పెట్టారు. పెట్టి, "బాగా రాశానయ్యా," అన్నారు.

ఏప్రిల్ మొదటివారంలో వసుంధరగారు నన్ను లోపలికి పిలిచారు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. అలా వెలిగిందంటే ఎవరిదో ఫైలు ఆగిందని అర్థం.

"ఉమామహేశంగారూ, అధ్యక్షులవారి పీఠిక ఎన్ని పుటలు?"

"పదకొండండీ."

"ఐదు పుటలు దాటిన రచన?"

"గ్రంథమండీ."

"పీఠిక లేని గ్రంథము?"

దానికి ముద్ర లేదు. మా అధ్యక్షులవారు తెలియకుండానే ఒక గ్రంథం రాసేశారు, దానికి పీఠిక లేదు. తగ్గించి రాద్దామా అంటే, ఆయన జీవితంలో ఏ ఆరు పుటలు తీసెయ్యాలో ఆయన్ని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. కనుక పీఠికకు పీఠిక రాయించాలని తీర్మానం అయింది.

అధ్యక్షులకన్నా పెద్ద హోదా కోసం వెతికి, ఒక మాజీ వైస్ ఛాన్సలరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తొమ్మిది పుటల ఉపోద్ఘాతం రాశారు. అదీ గ్రంథమైపోయింది. దానికోసం ఆయన గురువుగారి దగ్గరికి వెళ్ళాను. గురువుగారు శిష్యుడి ఉపోద్ఘాతంలో తప్పులు పట్టడానికే ఇరవై ఆరు పుటలు తీసుకున్నారు. ఆ తప్పులకు జవాబు చెప్పుకునే హక్కు తనకుందని వైస్ ఛాన్సలరుగారు ఇంకో పద్దెనిమిది పుటలు పంపారు. మధ్యలో ఒక విమర్శకులవారు అడగకుండానే చేరారు. ఎవరూ పుస్తకం అడగలేదు. నేనే ఒకసారి గౌరమ్మగారి నోటుపుస్తకం తీసుకెళ్ళి చూపిస్తే విమర్శకులవారు చేత్తో పక్కకు తోసి, "మూలం చదివితే నిష్పాక్షికత దెబ్బతింటుంది," అన్నారు. తర్వాత ఆయన రాసిందేమిటంటే, ఈ గ్రంథంలోని పాము కాలానికి ప్రతీక అట, కాటు చరిత్ర అట, ఆస్పత్రి మనం ఎన్నటికీ చేరుకోలేని ఒక స్వప్నం అట.

మే నెలలో గౌరమ్మగారు ఏడోసారి వచ్చినప్పుడు ఆ ముక్క చదివి వినిపించాను.

"పాముకి ప్రతీకేటి బాబూ, పామే," అన్నారు ఆవిడ. "ఆస్పత్రికి ఎల్లలేరని రాసీసినాడేటి? ఆటోలో అరగంట. అది కొట్టీయండి."

"పీఠికలో కొట్టివేతలకు రచయితకు అధికారం లేదండీ."

ఆవిడ కిటికీలోంచి ఆకాశం వైపు చూశారు. దక్షిణం వైపు చిన్న మబ్బు ఉంది. "మబ్బులకి మీ ముద్ర అక్కర్లేదు గదా," అన్నారు. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళు తిరిగిన మనిషిని మూడు నెలలుగా నా బల్ల చుట్టూ తిప్పుతున్నానని అప్పుడే మొదటిసారి అనిపించింది. అయినా మర్నాడు ఆఫీసుకు రాగానే ఆ ఫైలునే మళ్ళీ మామూలుగా తెరిచాను.

పీఠికల వరస ఎలా ఆగిందంటే, చివరి వ్యక్తికి తొంభై ఒక్క ఏళ్ళు. ఆయన నాలుగో పుట మధ్యలో నిద్రపోయారు. లేచాక ఏం రాస్తున్నారో గుర్తు రాక సంతకం పెట్టేశారు. నాలుగు పుటలే కనుక అది గ్రంథం కాలేదు. ఆఫీసంతా మిఠాయిలు పంచుకున్నాం.

ప్రెస్సువాళ్ళ దగ్గర్నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మర్యాద కోసం అధ్యక్షులవారిది మొదట పెట్టి, పీఠికలన్నీ కలిపితే నూట పద్దెనిమిది పుటలయ్యాయి. ఆరోగ్య ఉపకేంద్రాలకు వెళ్ళే పుస్తకం నూట ఇరవై దాటకూడదని వేరే నిబంధన ఉంది. ఏం తియ్యమంటారు అని అడిగారు. నేను దాన్ని వసుంధరగారి ముందు పెట్టాను. "నిబంధనల మేరకు చర్య తీసుకొనవలెను" అని జవాబు తయారుచెయ్యమన్నారు. చేశాను. ఆ మాటకు అర్థమేమిటని నన్నడగకండి. ఏం చెయ్యాలో తెలియనప్పుడు మేం రాసేది అదే. ప్రెస్సువాళ్ళకు మాత్రం అర్థమైంది.

ఆవిష్కరణ సభ జూన్ రెండోవారంలో, ఉదయం పదిన్నరకు, మా ఆఫీసు హాల్లోనే పెట్టాం. రాత్రి మంచి వాన పడింది. వరండాలో కట్టలు తడుస్తున్నాయని తెల్లవారగానే హాల్లోకి మార్చి, వేదిక మీద బల్ల కింద సర్దించాం. వాన పడుతోందనడానికి ఆధారం ఉంది కనుక దీనికి ఉత్తర్వులు అక్కర్లేకపోయాయి. బల్లకు అంచులదాకా పట్టుగుడ్డ వేశాం. వేదిక మీద తొమ్మిది కుర్చీలు, తొమ్మిదిలోనూ పీఠికలు రాసినవాళ్ళూ వాళ్ళ తాలూకువాళ్ళూ. రచయిత్రికి కుర్చీ మిగల్లేదు. గౌరమ్మగారు రెండో వరసలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. కొత్త చీర కట్టుకున్నారు. ఊళ్ళనుంచి ఆశా కార్యకర్తలు ఇరవై మందిని వెంటబెట్టుకొచ్చారు, పుస్తకాలు ఆ రోజే పట్టుకెళ్ళిపోవచ్చని.

పరాంకుశరావుగారు ఆ రోజు కుడికాలికి గండపెండేరం తొడుక్కుని వచ్చారు. ఎక్కడో సన్మానంలో తొడిగింది, పెద్ద సభలకు మాత్రమే పెట్టుకుంటారు. జ్యోతి వెలిగించడానికి బూట్లు విప్పారు. వెలిగించాక, మళ్ళీ వేసుకునే ఓపిక లేక ఉత్తకాళ్ళతోనే కుర్చీలో కూర్చుని, కాళ్ళు చాపి, బల్ల కిందికి పెట్టారు. వైస్ ఛాన్సలరుగారు మైకు ముందు తన గురువుగారికి జవాబు చెబుతున్నారు. అధ్యక్షులవారు రంగుకాగితం విప్పి పుస్తకం తీసి అందరికీ చూపించారు, చప్పట్లు పడ్డాయి. చప్పట్ల మధ్యలో ఆయన "అమ్మో!" అని అరిచారు.

అది ఆనందమనుకుని జనం ఇంకా గట్టిగా కొట్టారు.

ఆయన కాలు పైకెత్తి కుర్చీ మీద పెట్టుకున్నారు. మడమ మీద నెత్తుటి చుక్కలున్నాయి. బల్ల కింద పట్టుగుడ్డ కదిలింది, ఏదో పొడుగ్గా కట్టల్లోకి దూరింది. వేదిక మీద ఎనిమిది కుర్చీలు ఖాళీ అయ్యాయి. వయసులో అందరికన్నా పెద్దాయన తొంభై ఒక్క ఏళ్ళ ఆయనే, అందరికన్నా ముందు గుమ్మం చేరింది కూడా ఆయనే.

వసుంధరగారు మైకు అందుకున్నారు. "సభకు మనవి. అధ్యక్షులవారి పాదమునందు సర్పసంబంధమైన అసౌకర్యము సంభవించియుండవచ్చునని భావించడమైనది."

విమర్శకులవారు గుమ్మం దగ్గర్నుంచి, "కాలు బిగించి కట్టండి!" అని కేక వేశారు. సన్మానానికి తెచ్చిన శాలువాలు పదిహేనున్నాయి. ఇద్దరు ముగ్గురు వాటిని పట్టుకుని పరుగెత్తారు.

"ఒద్దొద్దు, కట్టీకండి!" రెండో వరసలోంచి గౌరమ్మగారు లేచారు. "ఎవులూ కట్టీకండి!"

"ఆగండి," అన్నారు వసుంధరగారు. "అందుకే కదా గ్రంథము ఉన్నది. చూసి చేద్దాము."

మాట సబబుగానే ఉంది. హాల్లో వెయ్యి ప్రతులున్నాయి, ప్రతి ఒక్కరూ ఒకటి తెరిచారు. నేనూ తెరిచి, పేజీలు గబగబా తిప్పబోయాను.

"ఉమామహేశంగారూ! ఏడో నిబంధన!"

ఇరవై రెండేళ్ళ సర్వీసు నా వేళ్ళలో ఉంది. ఆగిపోయాయి. మొదటి పుట నుంచి పైకి చదవడం మొదలుపెట్టాను. "సర్పం అనగానే భారతీయ మనస్సులో ఒక గగుర్పాటు కలుగుతుంది. నాకు ఆ గగుర్పాటు మొదటిసారి కలిగింది నేను ఉన్నత పాఠశాలలో వక్తృత్వపు పోటీల్లో ప్రథమ బహుమతి అందుకున్న నాడు. ఆ రోజుల్లో మా నాన్నగారు..."

"ఎవడయ్యా ఈ చెత్త రాసింది!" అని అరిచారు పరాంకుశరావుగారు, మడమ పట్టుకుని.

"మీరే సార్."

"నేనా! అసలు సంగతి ఏ పేజీలో ఉంది? అది చదువు!"

"పీఠిక పూర్తి కాకుండా..."

"నిబంధన చేసింది నేను! చస్తున్నదీ నేనే! తిప్పవయ్యా!"

తిప్పాను. ఉపోద్ఘాతం వచ్చింది, తిప్పాను. గురువుగారి తప్పుల పట్టిక, వైస్ ఛాన్సలరుగారి జవాబు, కాలానికి ప్రతీక, నాలుగో పుట మధ్యలో నిద్ర. నూట పంతొమ్మిదో పుట. ఆ పుటలో రెండు పంక్తులున్నాయి. నేను వాటిని పైకి చదివాను, చదవకుండా ఉంటే బాగుండేది. "స్థలాభావము వలన మూలగ్రంథమును మలిముద్రణలో చేర్చగలము. పాఠకులు సహకరించగలరు."

గౌరమ్మగారు తన చేతిలో పుస్తకం చివరి పేజీ తెరిచి చూసుకున్నారు. తన అక్షరం ఒక్కటి కూడా లేదు. అట్ట మీద పేరు ఉంది, అంతే. నాకు సిగ్గేసింది. ఆవిడ ఏడుస్తారనుకున్నాను, లేదా నా చెంప పగలగొడతారనుకున్నాను. ఆవిడ పుస్తకం కుర్చీలో పెట్టి, కొంగు బిగించి, వేదిక ఎక్కారు.

"బాబూ, బయం పడకండి. కూకోకండి, పడుకోండి. కాలు కదపకండి." ఆయన్ని రెండు బెంచీలు కలిపి పడుకోబెట్టారు. శాలువాలు తెచ్చినవాళ్ళను పక్కకు తోసి, వాటిలో ఒకటి మడిచి తలకింద పెట్టారు. "కట్టు కట్టీకండి, కోసీకండి, నోటితో పీల్సీకండి. నాటుమందు ఒద్దు, మంత్రం ఒద్దు. టయిమెంత? పదీ యాబై. ఎవులైనా రాసుకోండి." ఇరవై మంది ఆశా కార్యకర్తలూ తమ చేతుల్లోని పుస్తకాలు తిప్పి, వెనక అట్ట ఖాళీ మీద రాసుకోవడం మొదలుపెట్టారు. ఆ పుస్తకంలో చదవదగ్గది అదే మొదలు.

"ఉంగరాలు తీయండి. కాలికున్నది తీయండి, వాపొస్తే బిగిసిపోతాది."

"అది గండపెండేరమమ్మా," అన్నారు పరాంకుశరావుగారు నీరసంగా. "అది సన్మానంలో..."

"కాలుంటే మళ్ళీ తొడుక్కుందురు."

తీసేశారు. నా చేతికిచ్చారు. ఆవిడ ఒక కర్రస్కేలును కాలికి వదులుగా కట్టి కదలకుండా చేసి, ఆఫీసు జీపు వెనక సీట్లో ఆయన్ని పడుకోబెట్టించి, ఆయన తల దగ్గర తను కూర్చున్నారు. వసుంధరగారు జీపు పక్కనే నడుస్తూ, వాహన వినియోగానికి అనుమతి పత్రం మీద అధ్యక్షులవారి సంతకం తీసుకున్నారు.

పెద్దాసుపత్రిలో ఒక పగలూ రాత్రీ ఉంచి చూశారు. ఏమీ కాలేదు. మా వాచ్‌మన్ కట్టలు తీయిస్తుండగా అది బయటపడింది. జెర్రిపోతు, విషం లేనిది, ఎలుకల కోసం వచ్చింది. "జెర్రిపోతని తెలీదు గదా ముందు. ఏ పామైనా ఆస్పత్రికే," అన్నారు గౌరమ్మగారు.

మర్నాడు నేను గండపెండేరం రుమాల్లో చుట్టి పట్టుకెళ్ళాను. పరాంకుశరావుగారు దాన్ని చూడలేదు.

"ఆవిడ పుస్తకం ఎప్పుడొస్తుందయ్యా?"

"మలిముద్రణలో సార్. మలిముద్రణకు కొత్త పీఠిక కావాలి. పదకొండు పుటలు..."

"వద్దు," అని కళ్ళు మూసుకున్నారు. "నిన్న దారిపొడుగునా ఆవిడ ఒకే మాట చెప్పింది, భయం లేదు బాబూ, భయం లేదు అని. నేను ఆరు వందల సభల్లో మాట్లాడాను, ఎవరికైనా పనికొచ్చే మాట ఒక్కటి అన్నానా? నిబంధనలు రద్దు చేద్దామంటే మళ్ళీ పదకొండు నెలలు కూర్చోవాలి. వానలు మొదలయ్యాయి. నువ్వు ఏదో ఒక దారి చూడు."

నా ఇరవై రెండేళ్ళ సర్వీసులో నన్ను దారి చూడమని ఎవరూ అడగలేదు. దారి ఎందుకు లేదో చూపించమనే అడిగేవారు. ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నిబంధనలు మొదటినుంచీ చదివాను. చదువుతుండగా నవ్వొచ్చింది. పక్కన రోగి తాలూకు మనిషి నన్ను జాలిగా చూశాడు.

అటునుంచి అటే గౌరమ్మగారింటికి వెళ్ళాను. ముందు క్షమించమని అడిగాను. "ముందు కూకోండి," అన్నారు.

"అమ్మా, మీ ముప్పై రెండు పేజీలూ నాలుగు పేజీలకు తగ్గించగలరా?"

"నాలుగెందుకు? అసలు మాటలు రెండు పేజీలే. మిగతావి, పుస్తకమంటే లావుగా ఉండాలేమో అని రాసినాను."

ఇద్దరం అరుగు మీద కూర్చుని నాలుగు పేజీలు చేశాం. పెద్ద అక్షరాలు. మొదటి పంక్తి: భయపడకండి, కదలకండి. రెండోది: కట్టు కట్టకండి. ఆవిడ బొమ్మలు కూడా వేశారు. పాము బొమ్మ మాత్రం జెర్రిపోతులా వచ్చింది.

ఫైలు వసుంధరగారి ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకున్నారు.

"దీనికి పీఠిక ఏది?"

"ఇదే పీఠికండీ."

"దేనికి?"

"గౌరమ్మగారు ఇకముందు రాయబోయే గ్రంథానికి. నిర్వచనం ప్రకారం, గ్రంథమునకు ముందు వచ్చునది పీఠిక. గ్రంథం ఇంకా రాలేదు కనుక ఇది ముందు వచ్చినట్టే. నాలుగు పుటలే కనుక ఇది గ్రంథం కాదు, దీనికి వేరే పీఠిక అక్కర్లేదు. రాసినావిడ హోదా, రాయబోయే ఆవిడకన్నా పెద్దది. అధ్యక్షులవారి ప్రాణదాత అని ఆయనే రాసి ఇచ్చారు."

వసుంధరగారు నిబంధనల పుస్తకం తీసి, మొదటినుంచి చివరిదాకా, చివరినుంచి మొదటిదాకా చదివారు. ఆవిడ ముఖం నెమ్మదిగా వెలిగింది. ఎవరి ఫైలూ ఆగకుండా ఆ ముఖం వెలగడం నేను అప్పుడే చూశాను. "ఇంత నిబంధనాబద్ధమైన పీఠికను ఈ మండలి ఇంతవరకు చూచియుండలేదు," అని ముద్ర తనే వేశారు. నాకు లేచి ఆవిడకు దణ్ణం పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

జూన్ నెలాఖరుకల్లా నాలుగు వందల ఊళ్ళకు ఆ నాలుగు పేజీలూ వెళ్ళాయి. పైన పెద్ద అక్షరాలతో "పీఠిక" అని ఉంటుంది. నిబంధన ప్రకారం ఉండాలి మరి.

సెప్టెంబరులో, పీఠిక వినియోగంపై తనిఖీ చేసి రమ్మని నన్ను పెసరపాడు పంపారు. ఒక ఇంటి గుమ్మం పక్కన, క్యాలెండరు మేకుకే, దారం కట్టి వేలాడుతోంది ఆ కాగితం. మూలలు నలిగి, పసుపు మరకలు పడి ఉన్నాయి. అరుగు మీద ఒకావిడ చింతపండు పిక్కలు తీస్తోంది.

"అమ్మా, అదేమిటి?"

"పీటిక," అంది ఆవిడ, నాకు ఆ మాత్రం తెలీదా అన్నట్టు.

"పీఠిక అంటే?"

"ఏటంటే... ముందు సెయ్యాల్సింది. పాము కరిసినాక నానా గోలా సేసే ముందు సెయ్యాల్సింది. పదిరోజుల కిందట మా అల్లుడికి పొలంలో కరిసింది. అందరూ తాడు తెండి, తాడు తెండి అని ఒకటే అరుపులు. ముందు పీటిక సూడండ్రా, అన్నాను. సదివి, ఆటో ఎక్కించీసినారు. కట్లపామంట. అదిగో, ఆడే."

దొడ్లో ఒక మనిషి రెండు కాళ్ళ మీదా నిలబడి గేదెకు గడ్డి వేస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. నేను కాసేపు క్యాలెండరు చూస్తున్నట్టు నిలబడ్డాను.

తనిఖీ ఫారం అక్కడే అరుగు మీద కూర్చుని నింపాను. చివరి గడిలో వసుంధరగారి ప్రశ్న ఉంది: "ఈ పీఠిక, గ్రంథమును అవగాహన చేసికొనుటకు పాఠకునికి ఎంతవరకు తోడ్పడినది?"

"గ్రంథము ఇంకా రాలేదు. పాఠకుడు బతికే ఉన్నాడు," అని రాసి సంతకం పెట్టాను.